కీ కరెక్టే, అయినా 'టోకెన్ చెల్లదు' అంటోంది (ఏడబ్ల్యూఎస్ సీఎల్ఐ)

మబ్బుల్లో_మొదటిరోజు
నిన్న సాయంత్రం ఆరు నుంచి ఇదే పని. విండోస్ ల్యాప్‌టాప్‌లో డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపేది) పెట్టుకుని, ఉబుంటులో ఏడబ్ల్యూఎస్ సీఎల్ఐ (అమెజాన్ క్లౌడ్‌ని కమాండ్లతో నడిపే టూల్) రెండో వెర్షన్ దించుకున్నా. కన్సోల్‌లో (ఏడబ్ల్యూఎస్ వెబ్ పేజీ) ఒక ఐఏఎం యూజర్‌ని (అకౌంట్ లోపల వేరే లాగిన్) చేసి, అడ్మిన్ పాలసీ తగిలించి, యాక్సెస్ కీ (సీఎల్ఐకి లాగిన్‌లా పనిచేసే ఐడీ, సీక్రెట్ జంట) తీశా. 'ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్' కొట్టి అది అడిగిన నాలుగింటికీ జవాబులిచ్చా. ఆ తర్వాత 'ఎస్టీఎస్ గెట్-కాలర్-ఐడెంటిటీ' (నేనెవరో ఎస్టీఎస్ అనే సర్వీసుని అడిగే కమాండ్) కొడితే 'ఇన్‌వాలిడ్ క్లయింట్ టోకెన్ ఐడీ', రిక్వెస్టులోని సెక్యూరిటీ టోకెన్ చెల్లదట. ఈసీ2 మెషిన్ల (అమెజాన్ అద్దెకిచ్చే సర్వర్లు) లిస్టు అడిగితే ఇంకో రకం, 'ఆథ్ ఫెయిల్యూర్'. సరే అని రెండో కీ తీశా, అదీ అంతే. మూడోది తీయబోతే ఒక యూజర్‌కి రెండు కీలే అంది. అదే యూజర్‌తో బ్రౌజర్‌లో లాగిన్ అయితే అన్నీ శుభ్రంగా కనిపిస్తున్నాయి. సోమవారం టీమ్‌కి డెమో చూపించాలి, ఒకటే టెన్షన్. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.

కాపీపేస్ట్_కాకా
కాపీ చేసినప్పుడు చివర స్పేస్ పడి ఉంటుంది. నూటికి తొంభైసార్లు అదే. కీ ఐడీ 20 అక్షరాలు, సీక్రెట్ 40. లెక్కపెట్టు.

పల్నాడు_పైథాన్
సీఎస్‌వీ ఫైల్ దించుకుని ఎక్సెల్‌లో తెరిచావా? నాకు ఒకసారి సీక్రెట్ ప్లస్ గుర్తుతో మొదలైంది. ఎక్సెల్ దాన్ని ఫార్ములా అనుకుని సెల్‌లో 'నేమ్?' అని ఎర్రర్ చూపించింది. నేను ఆ గడి పక్కకి లాగి, వెడల్పు పెంచి, నానా తిప్పలు పడి చివరికి నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తేలింది.

మబ్బుల్లో_మొదటిరోజు
నోట్‌ప్యాడ్‌లోనే తెరిచా. లెక్కపెట్టా కూడా, 20, 40 సరిపోయాయి. 'ఏకేఐఏ' అని మొదలవుతోంది.

ఓరుగల్లు_ఓఎస్
డబ్ల్యూఎస్ఎల్ అన్నావు కదా, గడియారం చూడు. 'డేట్' అని కొట్టి ఫోన్‌లో టైమ్‌తో పోల్చు. ల్యాప్‌టాప్ మూత వేసి పడుకుని పొద్దున తెరిస్తే, విండోస్‌లో టైమ్ సరిగ్గానే ఉంటుంది, లోపల లైనక్స్ మాత్రం రాత్రి దగ్గరే ఆగిపోయి ఉంటుంది. మనం పంపే ప్రతి రిక్వెస్టు మీదా సీక్రెట్‌తో ఒక సంతకం ఉంటుంది, అందులో సమయం కూడా కలిసి ఉంటుంది. మామూలుగా ఐదు నిమిషాలు తేడా వస్తే ఏడబ్ల్యూఎస్ దాన్ని పక్కన పడేస్తుంది (ఫైళ్లు దాచే ఎస్3 లాంటివి పదిహేను నిమిషాల వరకు ఊరుకుంటాయి). నేను దీని మీద ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నా. 'సుడో హెచ్‌డబ్ల్యూక్లాక్ -ఎస్' కొట్టు, సెట్ అవుతుంది.

టెర్మినల్_తాత
గడియారం తప్పితే వచ్చే ఎర్రర్ ఇది కాదు ఓరుగల్లూ. దానికి 'సిగ్నేచర్ డజ్ నాట్ మ్యాచ్' అని వస్తుంది, పక్కనే సిగ్నేచర్ ఎక్స్‌పైర్ అయిందని, నీ టైమ్ ఇది, మా టైమ్ ఇది అని రెండూ రాసి మరీ చూపిస్తుంది. ఎస్3 అయితే టైమ్ తేడా అని పేరు పెట్టి చెబుతుంది.

అందరూ ఎర్రర్ అనగానే కీ మార్చడానికి పరిగెత్తుతారు కానీ ఏ ఎర్రరో చదవరు. అసలు క్రెడెన్షియల్స్ ఏవీ దొరక్కపోతే 'అనేబుల్ టు లొకేట్ క్రెడెన్షియల్స్' అంటుంది, అప్పుడు ఇంకా నీ ఇంటి గడప కూడా దాటలేదన్నమాట. సీక్రెట్ తప్పయినా, స్పేస్ పడినా సంతకం కలవదంటుంది. 'యాక్సెస్ డినైడ్' వస్తే సంతోషించాలి, నువ్వెవరో దానికి తెలిసింది, పర్మిషనే లేదు. ఈ పిల్లాడికి వచ్చింది 'ఇన్‌వాలిడ్ క్లయింట్ టోకెన్ ఐడీ'. అంటే సంతకం దాకా పోనేలేదు. ఈ ఐడీ ఎవరిదో నాకు తెలీదు అంటోంది. కాబట్టి కాకా చెప్పిన స్పేస్ కథ కూడా ఇక్కడ వర్తించదు.

కాపీపేస్ట్_కాకా
తొంభై అన్నా కదా తాతా, ఇది మిగతా పదిలోది.

అర్ధరాత్రి_అలర్ట్
ఇదే ఎర్రర్ నాకు వచ్చింది, కారణం వేరు. ట్రైనింగ్‌లో ల్యాబ్ పేజీ నుంచి కీ కాపీ చేసుకున్నా. అది 'ఏకేఐఏ' కాదు, 'ఏఎస్ఐఏ' అని మొదలైంది. అంటే తాత్కాలిక కీ. దానికి మూడో ముక్క ఉంటుంది, సెషన్ టోకెన్, చాంతాడంత పొడవు. 'కాన్ఫిగర్' ఆ మూడోదాన్ని అడగదు కదా, నేనూ ఇవ్వలేదు. రెండే ఇస్తే టోకెన్ చెల్లదనే అంటుంది. కానీ మీది 'ఏకేఐఏ' కాబట్టి ఇది కాదు.

ఇంకొకటి చూడండి, ఎక్కడైనా పాత ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (టెర్మినల్ గుర్తుంచుకునే విలువలు) ఉండిపోయాయేమో. కోచింగ్ సెంటర్లో అందరం ఒకే కీని 'బాష్ ఆర్‌సీ'లో (టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదివే ఫైల్) ఎక్స్‌పోర్ట్ అని రాసుకున్నాం. కోర్సు అయ్యాక వాళ్లు ఆ కీ తీసేశారు, నా ఫైల్లో మాత్రం అలాగే ఉంది. నేను కాన్ఫిగర్‌లో ఎన్ని కొత్త కీలు ఇచ్చినా సీఎల్ఐ ఆ పాతదే పట్టుకుపోయేది. 'ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్ లిస్ట్' కొట్టి, వచ్చింది ఇక్కడ పెట్టండి. ఏ విలువ ఎక్కడి నుంచి తీసుకుందో చెబుతుంది, కీని స్టార్ గుర్తులతో దాచి చివరి నాలుగు అక్షరాలే చూపిస్తుంది కాబట్టి భయం లేదు.

పల్నాడు_పైథాన్
అవును, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంటే ఎప్పుడూ అదే గెలుస్తుంది. ఫైల్లో ఏమున్నా దండగే.

టెర్మినల్_తాత
ఎప్పుడూ కాదు. కమాండ్ చివర 'ప్రొఫైల్' (ఫైల్లో ఒక సెట్టింగుల గుంపుకి పెట్టుకునే పేరు) అని పేరు ఇస్తే ఎన్విరాన్‌మెంట్‌లోని కీలను పట్టించుకోదు, ఆ ప్రొఫైల్‌లోదే వాడుతుంది. ప్రొఫైల్ పేరును కూడా ఎన్విరాన్‌మెంట్‌లోనే పెట్టావనుకో, అప్పుడు కీలదే పైచేయి. చాలామంది రెండోది చేసి మొదటిది అనుకుంటారు.

పల్నాడు_పైథాన్
ఇప్పుడే పెట్టి చూశా. తాత రైట్. ఇన్నేళ్లుగా తప్పు నమ్మకంతో బతికానన్నమాట.

మబ్బుల్లో_మొదటిరోజు
అక్కా, కొట్టా. ప్రొఫైల్ దగ్గర 'నాట్ సెట్'. యాక్సెస్ కీ, సీక్రెట్ రెండూ 'షేర్డ్ క్రెడెన్షియల్స్ ఫైల్' నుంచి, చివరి నాలుగు అక్షరాలు నేను తీసిన కీవే. రీజియన్ (డేటా సెంటర్లున్న ప్రాంతం) 'ఏపీ-సౌత్-2', అది కాన్ఫిగ్ ఫైల్ నుంచి. ఎన్విరాన్‌మెంట్ అని ఎక్కడా లేదు. డేట్ కూడా చూశా, ఫోన్‌తో సెకన్లతో సహా కలిసింది.

అర్ధరాత్రి_అలర్ట్
దొరికింది. రీజియన్!

మబ్బుల్లో_మొదటిరోజు
రీజియన్‌కి ఏమైంది? నేను ఉండేది కూకట్‌పల్లి. హైదరాబాద్ రీజియన్ ఉందని చూసి దగ్గర కదా అని ఇచ్చా. స్పెల్లింగ్ కూడా సరిచూసుకున్నా.

అర్ధరాత్రి_అలర్ట్
స్పెల్లింగ్ కరెక్టే. కానీ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో వచ్చింది. 2019 మార్చి 20 తర్వాత వచ్చిన రీజియన్లేవీ మీ అకౌంట్‌లో వాటంతట అవి ఆన్ అయి ఉండవు, మీరే ఎనేబుల్ చేసుకోవాలి. ముంబై 2016ది, అది పుట్టుకతోనే ఆన్. మీరు ఎనేబుల్ చేసేదాకా మీ అకౌంట్ యూజర్లు, కీల సమాచారం ఆ రీజియన్‌కి వెళ్లదు.

బ్యాంకులో పాత రోజుల్లో సంతకం కార్డు ఉండేది చూడండి. మీ ఖాతా, సంతకం అన్నీ నిజమే, కానీ కొత్త బ్రాంచికి ఆ కార్డు ఇంకా చేరలేదు. అక్కడ చెక్కు ఇస్తే కౌంటర్లో ఆయన ఏమంటాడు? ఈ పేరుతో మా దగ్గర ఎవరూ లేరమ్మా అంటాడు. అబద్ధం కాదు కదా. ఇదీ అంతే. రెండో వెర్షన్ సీఎల్ఐ మీరు ఇచ్చిన రీజియన్‌లోని ఎస్టీఎస్‌నే అడుగుతుంది, ఆ ఎస్టీఎస్‌కి మీ కీ నిజంగానే తెలీదు.

ఒకసారి అదే కమాండ్ చివర రీజియన్ 'ఏపీ-సౌత్-1' (ముంబై) అని పెట్టి కొట్టండి.

చాయ్_బ్రేక్
ఒక్క డౌటు. రాష్ట్రం విడిపోయి ఇన్నేళ్లయింది, హైదరాబాద్ ఇంకా 'ఏపీ'లోనే ఉందా?

కాపీపేస్ట్_కాకా
ఏపీ అంటే ఏషియా పసిఫిక్ బాబూ. ముంబైని కూడా ఏపీలో కలిపేశారు, వాళ్లు ఏమైనా అన్నారా?

చాయ్_బ్రేక్
పదేళ్ల ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్‌తో అయిపోయింది, ఏడబ్ల్యూఎస్‌కి ఎవరైనా చెప్పండి.

మబ్బుల్లో_మొదటిరోజు
వచ్చిందిఇఇఇ!! ముంబై పెట్టి కొట్టగానే మూడు లైన్లు పడ్డాయి. యూజర్ ఐడీ, అకౌంట్ నంబర్, 'ఏఆర్ఎన్' (ఏడబ్ల్యూఎస్‌లో యూజర్ పూర్తి గుర్తింపు) చివర నా యూజర్ పేరు. నిన్నంతా మార్చి మార్చి చూసిన కీ మొదటి నుంచీ బాగానే ఉందా? తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది. ఇంతకీ హైదరాబాద్ ఆన్ చేయాలంటే ఏం చేయాలి, డబ్బులేమైనా పడతాయా?

అర్ధరాత్రి_అలర్ట్
ఎనేబుల్ చేసినందుకు ఏమీ పడదు, అక్కడ ఏదైనా పెట్టి నడిపితేనే బిల్లు. కన్సోల్‌లో పైన కుడివైపు మీ పేరు నొక్కి 'అకౌంట్'లోకి వెళ్లండి, కింద రీజియన్ల పట్టిక ఉంటుంది, హైదరాబాద్ టిక్ పెట్టి ఎనేబుల్. అడ్మిన్ పాలసీ ఉంది కాబట్టి మీ యూజర్‌కే కుదరాలి. సీఎల్ఐలోనే చేయాలంటే 'అకౌంట్ ఎనేబుల్-రీజియన్' అని ఉంది. నొక్కిన వెంటనే అవదు, కొన్ని నిమిషాల నుంచి ఒక్కోసారి గంటల దాకా పడుతుంది. మీ సంతకం కార్డు అక్కడికి చేరాలి కదా.

పల్నాడు_పైథాన్
రీజియన్ కామెడీల్లో నాది ఇంకా పెద్దది. మొదటిసారి కాన్ఫిగర్ చేసినప్పుడు 'డిఫాల్ట్ రీజియన్ నేమ్' అని అడిగితే మర్యాదగా 'హైదరాబాద్' అని ఊరి పేరు కొట్టా. తీసుకుంది! అది ఏమిచ్చినా తీసుకుంటుంది, సరిచూడదు. తర్వాత ఎండ్‌పాయింట్‌కి కనెక్ట్ కాలేకపోయానని, మధ్యలో నేను కొట్టిన 'హైదరాబాద్' ఇరికించి ఒక వెబ్ అడ్రస్ చూపించింది. నేనేమో నెట్ పోయిందనుకుని రౌటర్ ఆపి వేశా.

ఓరుగల్లు_ఓఎస్
మా టీమ్‌లో ఒకతను చివర 'ఏ' అక్షరం కలిపి 'ఏపీ-సౌత్-1ఏ' అని పెట్టాడు. అది జోన్ (రీజియన్ లోపలి ఒక భాగం) పేరు, రీజియన్ కాదు. అదీ ఇలాగే కనెక్ట్ కాలేదంటుంది.

డాలస్_డెవాప్స్
ఆలస్యంగా చూశా. రీజియన్ సంగతి తేలింది సరే, అసలు యాక్సెస్ కీ ఎందుకు తీశావు తమ్ముడూ? అడ్మిన్ పాలసీ ఉన్న శాశ్వత కీ, హోమ్ ఫోల్డర్లో మామూలు టెక్స్ట్ ఫైల్లో పడి ఉంది. నువ్వు తీసేదాకా దానికి గడువు లేదు. ఆ ఫైల్ ఎవడి చేతికి వెళితే వాడే నువ్వు. మా దగ్గర ఐఏఎం యూజర్లే లేరు, అందరూ ఐడెంటిటీ సెంటర్‌తోనే (శాశ్వత కీ లేకుండా లాగిన్ ఇచ్చే ఏడబ్ల్యూఎస్ సర్వీసు). 2022కి ముందు దాన్నే ఏడబ్ల్యూఎస్ ఎస్ఎస్ఓ అనేవాళ్లు. 'కాన్ఫిగర్ ఎస్ఎస్ఓ' ఒకసారి, రోజూ పొద్దున 'ఎస్ఎస్ఓ లాగిన్' ఒకసారి, అంతే.

కాపీపేస్ట్_కాకా
మీ కంపెనీలో దానికో టీమ్ ఉంటుంది అన్నా. ఒక్కడు సొంత అకౌంట్ పెట్టుకుని నేర్చుకుంటుంటే, ఆర్గనైజేషనూ పర్మిషన్ సెట్లూ అంటూ పెళ్లికి ముందే పిల్లాడికి బారసాల చేయమంటే ఎలా? నేను ఆరేళ్లుగా కీలతోనే ఉన్నా. ఏమీ కాలేదు.

అర్ధరాత్రి_అలర్ట్
నాకు అయింది కాకా. నా తప్పే. పైథాన్ స్క్రిప్టులో కీ నేరుగా రాసేసి, తర్వాత మారుద్దాంలే అనుకుని గిట్‌హబ్‌లో పబ్లిక్ రిపోకి తోసేశా. అన్నం తిని వచ్చేసరికి మెయిల్, మీ కీ బయట పడింది, దాని మీద క్వారంటైన్ పాలసీ పెట్టాం అని. అప్పటికే నేను జన్మలో తెరవని రీజియన్లలో పెద్ద పెద్ద మెషిన్లు లేచి ఉన్నాయి. ఒక్కో రీజియన్ తెరవడం, మెషిన్లు ఆపడం, మళ్లీ ఇంకోటి. తెల్లారిపోయింది. ఈ పేరు పెట్టుకున్నది ఆ రోజు తర్వాతే. కమిట్ డిలీట్ చేసినా లాభం లేదు, హిస్టరీలో ఉంటుంది. కీ చంపడమే మార్గం.

అన్నట్టు, హైదరాబాద్ లాంటి రీజియన్లు ఆఫ్‌లో ఉండడం ఆ రాత్రి నాకు కలిసొచ్చింది. అవి ఆన్‌లో ఉంటే వెతకాల్సినవి ఇంకా పెరిగేవి.

కాపీపేస్ట్_కాకా
సరే, మాట్లాడను.

టెర్మినల్_తాత
డాలస్ అన్నదీ నిజమే, కాకా అన్నదీ నిజమే. ఒంటరి అకౌంట్‌కి మధ్య దారి ఇప్పుడు ఉంది. 2025 నవంబర్‌లో 'ఏడబ్ల్యూఎస్ లాగిన్' అనే కమాండ్ వచ్చింది, సీఎల్ఐ 2.32 నుంచి. కన్సోల్‌లో ఏ యూజర్‌తో వెళతావో అదే యూజర్‌తో బ్రౌజర్‌లో లాగిన్ అవుతావు, సీఎల్ఐకి తాత్కాలిక క్రెడెన్షియల్స్ వస్తాయి, వాటంతట అవే కొత్తవి అవుతుంటాయి, గరిష్ఠంగా 12 గంటలు. కీ తీసే పనే లేదు. ముందు వెర్షన్ చూసుకో. ఉబుంటు 22.04లో 'ఆప్ట్'తో (ఉబుంటు సొంత ఇన్‌స్టాలర్) పెడితే వచ్చేది పాత ఒకటో వెర్షన్, అందులో ఇది గానీ ఎస్ఎస్ఓ సెటప్ గానీ ఉండదు. ఏడబ్ల్యూఎస్ సైట్ నుంచి జిప్ దించుకుని పెట్టాలి.

ఓరుగల్లు_ఓఎస్
ఎస్ఎస్ఓ వాడేవాళ్లకి ఒకటి చెప్పాలి. సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్ చేసి అక్కడ 'ఎస్ఎస్ఓ లాగిన్' కొడితే, ఇచ్చిన లింకు నా ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో తెరిచా. అంతా ఓకే అన్నాక చివర 'ఈ సైట్ చేరుకోలేకపోతున్నాం' అని పేజీ. 2.22 నుంచి బ్రౌజర్ తిరిగి లోకల్‌హోస్ట్‌కి (అంటే తను ఉన్న మెషిన్‌కే) కబురు పంపుతుంది, కానీ కమాండ్ ఎదురుచూసేది సర్వర్‌లో, బ్రౌజర్ ఉన్నది నా ఒళ్లో. చివర 'యూజ్-డివైస్-కోడ్' అని ఇస్తే పాత పద్ధతిలో కోడ్ చూపిస్తుంది, దాన్ని ఏ మెషిన్‌లోనైనా కొట్టొచ్చు.

డాలస్_డెవాప్స్
ఆ సర్వర్ ఈసీ2 మెషిన్ అయితే అక్కడ లాగిన్, కాన్ఫిగర్ రెండూ వద్దు. మెషిన్‌కి రోల్ (కీ లేకుండా మెషిన్‌కే ఇచ్చే పర్మిషన్) తగిలించు, సీఎల్ఐ తనే వెళ్లి తెచ్చుకుంటుంది. ఈసీ2లో కూర్చుని కాన్ఫిగర్ కొట్టేవాళ్లని చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

చాయ్_బ్రేక్
డాలస్ అన్నకి అక్కడ రాత్రి రెండు. బీపీ దానికి పెరిగి ఉంటుంది.

మబ్బుల్లో_మొదటిరోజు
అప్‌డేట్. హైదరాబాద్ నొక్కా, 'ఎనేబ్లింగ్' అని చాలాసేపు అలాగే ఉంది. కిందికెళ్లి చాయ్ తాగి వచ్చేసరికి 'ఎనేబుల్డ్'. రీజియన్ ఏమీ ఇవ్వకుండా కొట్టా, మూడు లైన్లూ పడ్డాయి.

తాత చెప్పిన లాగిన్ కూడా చేద్దామని వెర్షన్ చూస్తే పాతది, అప్‌డేట్ చేసుకున్నా. 'డెమో' అని వేరే ప్రొఫైల్ పెట్టి లాగిన్ అయ్యా, పనిచేసింది. అలర్ట్ అక్క కథ చదివాక భయమేసి కన్సోల్‌లో రెండు కీలూ డిలీట్ చేశా. ఆ ఊపులో ఇంకోసారి గెట్-కాలర్-ఐడెంటిటీ కొడితే మళ్లీ అదే ఎర్రర్! ఇన్‌వాలిడ్ క్లయింట్ టోకెన్ ఐడీ! ఒక్క క్షణం గుండె జారిపోయింది. ఇక్కడ అడగబోయి ఆగి, కాన్ఫిగర్ లిస్ట్ కొట్టా. యాక్సెస్ కీ, 'షేర్డ్ క్రెడెన్షియల్స్ ఫైల్'. ప్రొఫైల్ పేరు ఇవ్వడం మర్చిపోయా, అది డిఫాల్ట్‌లో మిగిలిన చచ్చిన కీని పట్టుకుపోయింది. ఈసారి ఎర్రర్ అన్నది అక్షరాలా నిజం. ఆ ఫైల్లో డిఫాల్ట్ కింద ఉన్న రెండు లైన్లూ తీసేశా.

టెర్మినల్_తాత
ఇప్పుడు ప్రొఫైల్ ఇవ్వకపోతే 'అనేబుల్ టు లొకేట్' అంటుంది. అలా అనడమే నయం. ఇంకొకటి, కాన్ఫిగ్ ఫైల్‌ని చేత్తో మార్చేటప్పుడు బ్రాకెట్లో 'ప్రొఫైల్ డెమో' అని రాయాలి, క్రెడెన్షియల్స్ ఫైల్లో అయితే ఉత్త 'డెమో'. రెండు ఫైళ్లకి రెండు పద్ధతులు, ఎందుకని నన్ను అడక్కు.

మబ్బుల్లో_మొదటిరోజు
సరే తాతా. డెమోకి మాత్రం రీజియన్ ముంబైకే మార్చా. టీమ్ వాళ్ల మెషిన్లన్నీ అక్కడే ఉన్నాయని ఇప్పుడే తెలిసింది.

చాయ్_బ్రేక్
అంటే నిన్నటి నుంచి ఇంత పోరాటం చేసి, చివరికి ఏపీలోనే ఇంకో ఊరికి మారావన్నమాట.